ఒంటికి ఎంత రేడియేషన్ తగిలింది? రక్తం చెప్పే లెక్క

ఇవాళ మనం బ్రెజిల్‌లోని గోయానియా నగరానికి వెళ్దాం. 1987 సెప్టెంబరు.

ఖాళీ చేసిపోయిన ఒక రేడియోథెరపీ కేంద్రంలో పాత యంత్రం వదిలేసి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు దాని భాగాలు ఊడదీసి, పాత ఇనుము కొట్టుకు అమ్మారు. లోపల ఉన్నది సీసియం-137. చీకట్లో నీలంగా మెరుస్తుంటే అందరూ ముచ్చటపడ్డారు. చుట్టాలకీ స్నేహితులకీ తలా కాస్త పంచారు. ఇంట్లోవాళ్ళకి వాంతులు మొదలయ్యాక అనుమానపడింది కొట్టు యజమాని భార్య. ఆ వస్తువుని సంచిలో వేసి, బస్సులోనే ఆరోగ్య కార్యాలయానికి చేర్పించింది. మర్నాడు ఒక భౌతిక శాస్త్రవేత్త మీటరు పెట్టి చూశాకే సంగతి బయటపడింది.

ఇక ఊరంతా భయం. ఒలింపిక్ స్టేడియంలో సుమారు 1,12,000 మందిని మీటర్లతో పరీక్షించారు. 249 మందికి సీసియం అంటుకుందని తేలింది. నలుగురు చనిపోయారు. అందులో ఒకరు ఆరేళ్ళ పాప, ఇంకొకరు ఆ సంచి పంపిన ఇల్లాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇప్పుడు ఒంటిమీద, ఒంట్లో సీసియం ఉందా అన్నది మీటరు చెబుతుంది. మరి గడిచిన రెండు వారాల్లో శరీరం ఎంత రేడియేషన్ తీసుకుంది? అణు కేంద్రంలో పనిచేసేవాళ్ళకి కొలిచే బ్యాడ్జీ ఉంటుంది. పాత ఇనుము కొట్టువాళ్ళకి ఎక్కడుంటుంది? డాక్టరుకేమో ఆ లెక్క కావాలి. ఎవరి ఎముక మజ్జ దెబ్బతినబోతోంది, ఎవరిని ఇంటికి పంపొచ్చు అన్నది దాన్నిబట్టే తేలాలి.

ఆ లెక్క రక్తంలో దొరుకుతుంది. రేడియేషన్‌కి తెల్ల రక్తకణాల్లోని క్రోమోజోములు తెగుతాయి, తెగినవి తప్పుగా అతుక్కుంటాయి. మామూలుగా ఒక క్రోమోజోముకి నడుము ఒకటే. తప్పుగా అతికినదానికి రెండు నడుములు కనిపిస్తాయి. దీన్నే డైసెంట్రిక్ అంటారు. మామూలు మనిషిలో ఇది వెయ్యి కణాలకి ఒకటి ఉంటుందేమో. డోసు పెరిగేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. 1962లో అమెరికాలోని హాన్‌ఫోర్డ్ ప్రమాదంలో చిక్కుకున్న కార్మికుల మీద ఈ లెక్కను పరీక్షించి చూశారు. గోయానియా బాధితుల రక్తాన్ని రియో డి జనీరోలోని రేడియేషన్ రక్షణ సంస్థ ల్యాబులో చూశారు. వంద పైచిలుకు నమూనాల్లో 21 మందికి 1 గ్రే దాటింది, ఎనిమిది మందికి 4 గ్రే దాటింది.

వంద మందికి సరే. అదే వేలమంది అయితే? రక్తాన్ని 48 గంటలు పెంచాలి. ఆ తర్వాత ఒక్కో మనిషికి ఐదొందలో వెయ్యో కణాలు మైక్రోస్కోపులో కంటితో లెక్కపెట్టాలి. ఒక్క నమూనాకే రోజులు పడుతుంది. ఒక ల్యాబు వల్ల అయ్యే పని కాదు.

అందుకని నమూనాలు పంచుకుందాం అన్నారు. కానీ పంచుకోవడం మాటల్లో చెప్పినంత తేలికా? ఒకదానిమీద ఒకటి పడ్డ రెండు క్రోమోజోముల్ని ఒకరు డైసెంట్రిక్ అంటారు, ఇంకొకరు కాదంటారు. పైగా ఏ ల్యాబు డోసు పట్టిక దానిదే. ఒకే మనిషి రక్తానికి రెండు జవాబులొస్తే డాక్టరు దేన్ని నమ్మాలి?

కాబట్టి ముందు కొలత ఒక్కటి కావాల్సి వచ్చింది. 2004లో ఈ ల్యాబులకి ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది. 2008లో పెద్ద ప్రమాదాల కోసం ఇంకొకటి వచ్చింది. అందులో కిటుకు ఏంటంటే, మొదటి విడతలో మనిషికి 50 కణాలు చూస్తే చాలు. అంకె కచ్చితంగా రాదు, కానీ ఎవరిని ముందు చూడాలో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బయోడోస్‌నెట్ పెట్టింది. 2012లో ఐరోపాలో రెనెబ్ మొదలైంది. వీళ్ళు ఏ ప్రమాదమూ లేనప్పుడే, తెలిసిన డోసు ఇచ్చిన రక్తాన్ని ఆ డోసు చెప్పకుండా ల్యాబులకి పంపుతారు. జవాబులు పోల్చి చూసి, తేడా ఎక్కడుందో దిద్దుకుంటారు.

ఇదంతా ఎక్కడో జరిగేది అనుకోకండి. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్-60 బయటపడింది, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. కథ మళ్ళీ పాత ఇనుము దగ్గరే మొదలైంది చూడండి.

ఇంకొక్క మాట. గోయానియాలో ఆ పాప శవపేటిక శ్మశానానికి వస్తుంటే జనం అడ్డుపడి రాళ్ళు విసిరారు. ఆ ఊరివాళ్ళని బయట హోటళ్ళలో దిగనివ్వలేదు. సీసియం అంటలేదని కాగితం రాసిస్తే తప్ప ప్రయాణాలు సాగలేదు. అలాంటి చోట "నీకేం కాలేదు" అన్న జవాబు కూడా వైద్యమే. అది ఏ ల్యాబు చెప్పినా ఒకటే అయినప్పుడు జనం నమ్ముతారు.