మన్ను లేని మడి

చెన్నపురికి వాయవ్యమున నున్న అంబత్తూరులో, 1964లో వెలసిన పారిశ్రామికవాడ చుట్టును ఇండ్లు క్రిక్కిరిసి పెరటి మడులకు చోటు కరవయిన తరువాత, ఆకుకూరకు మిగిలిన తావు మిద్దెయే. చెంతనున్న పుళల్ జలాశయమునకు కృష్ణానీరు తెలుగు గంగగా వచ్చుచున్నను, 2019 వేసవిలో అది ఎండి నెఱ్ఱెలు వాఱుట చూచిన వారికి నీటిబొట్టు విలువ వేఱొకరు చెప్పనక్కఱలేదు. ఉన్న నీటినే మరల మరల త్రిప్పి వాడుచు, మన్ను లేకయే పాలకూర పెంచు విద్య ఇట్టి చోటికి తగినది. అయితే మన్నును విడిచినవాడు మన్ను చేయు పనిని తానే తలకెత్తుకొనవలెను. ఆ పని యేదో మానవుడు తెలిసికొన్న క్రమమే ఈ విద్య చరిత్ర.

పదునేడవ శతాబ్దిలో వాన్ హెల్మాంట్ అయిదేండ్లపాటు ఒక మొక్కకు నీరు మాత్రమే పోసి పెంచి, తొట్టిలోని మన్ను ఇంచుమించు తఱుగకుండుట చూచి, నీరే వృక్షాహారమని తలచెను. 1699లో జాన్ వుడ్‌వర్డ్, పుదీనా జాతి మొక్క వాననీటికంటె తోటమన్ను కలిసిన నీటిలో ఏపుగా పెరుగునని నిరూపించి ఆ తలపును సవరించెను. 1860 ప్రాంతమున సాక్స్, నాప్ అను జర్మను శాస్త్రజ్ఞులు లవణద్రావణములలోనే మొక్కలను పెంచి చూపిరి. 1937లో కాలిఫోర్నియాకు చెందిన గెరిక్ ఈ విద్యకు హైడ్రోపోనిక్స్ అను పేరును వ్యాప్తికి తెచ్చెను. మరుసటి యేటనే హోగ్లండ్, ఆర్నన్‌లు ద్రావణ విధానమును ప్రకటించిరి. వారి ప్రసిద్ధ ద్రావణమున లీటరు నీటికి నత్రజని 210, పొటాషియము 235, కాల్షియము 200 మిల్లీగ్రాములు. మన దేశమున 1946లో షోల్టో డగ్లస్ కాలింపాంగ్‌లో ప్రయోగము లారంభించి, బెంగాలు పద్ధతిని రూపొందించెను.

కొలత తెలిసినంతమాత్రాన కలుపుట తెలిసినట్లు కాదు. కాల్షియం నైట్రేటును, మెగ్నీషియం సల్ఫేటును చిక్కగా ఒకే డబ్బాలో కలిపినచో తెల్లని జిప్సము అడుగున పేరుకొనును. అది వేరు కందదు. అందుచేతనే రెండు డబ్బాలుంచి, చివర నీటి తొట్టిలో మాత్రమే కలుపుదురు.

1980 తరువాత వర్జిన్ దీవులలో జేమ్స్ రాకొసీ, చేపల తొట్టి నీటిని ఆకుకూరలకు మళ్ళించు ఆక్వాపోనిక్స్‌ను శాస్త్రీయముగా తీర్చిదిద్దెను. చేపలు విసర్జించు అమ్మోనియాను కంటికగపడని సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చును. కాని చేపల మేతలో పొటాషియము, కాల్షియము, ఇనుము మొక్కకు చాలినంత యుండవు. అందుచేత ఆమ్లత పెరిగినపుడు పొటాషియము, కాల్షియము హైడ్రాక్సైడులను మార్చి మార్చి వేయుచు, ఇనుమును కరగు రూపమున అందించుట ఆయన పద్ధతి. లేత ఆకు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగిలినచో ఇనుము కొఱత. ముదురాకులు ముందుగా పసుపెక్కినచో నత్రజని కొఱత.

కావున అంబత్తూరు గృహస్థులారా, గొట్టములు కొనుటకు ముందు మీ బోరు నీటిని పరీక్ష చేయించుడు. అందు సున్నము ముందే యున్నచో ఆ మేరకు కాల్షియము తగ్గింపుడు. ప్రతిదినము ఉదయమున ఒక్క ఆకును తిప్పి చూడుడు. మూడు శతాబ్దుల శాస్త్రము నేర్పినది మితము. ఆ మితము తప్పినదో లేదో మొదట చెప్పునది ఆకే.