మాస్టర్ ప్లాన్ ముసాయిదా: ప్రజలకు ‘తెలియజేయడం’ అంటే ఏమిటి?

2023 జనవరి మొదటి వారంలో కామారెడ్డి కలెక్టరేట్ ముందు రైతులు ఆందోళనకు దిగారు. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంట భూములను ఇండస్ట్రియల్ జోన్, గ్రీన్ జోన్ కింద చూపారన్నది మున్సిపాలిటీలో విలీనమైన గ్రామాల రైతుల అభ్యంతరం. అంతకు ముందు రోజే ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నారు. ఇది ముసాయిదా మాత్రమేనని, అభ్యంతరాలకు జనవరి 11 వరకు గడువుందని అధికారులు చెప్పారు. కాగితం మీద అది నిజమే. కానీ పటంలో భూమి రంగు మారిందని తెలిస్తే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. కూతురి పెళ్లికో, అప్పు తీర్చడానికో ఆ భూమినే నమ్ముకున్న రైతుకు ముసాయిదా అన్న మాట ఊరటనివ్వదు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది.

పట్టణ ప్రణాళికల గురించి ప్రజలకు ఎలా చెప్పాలన్న దానిపై మన చట్టాలేమీ మౌనంగా లేవు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం, ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలను రూపొందించేటప్పుడే సంబంధిత వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలి. నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్ అన్నీ ఇందులోకి వస్తాయి. అంటే ఊళ్లో దండోరా వేయించడానికీ చట్టంలో చోటుంది!

2013 భూసేకరణ చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌తో పాటు రెండు దినపత్రికల్లో ప్రచురించాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. పంచాయతీ లేదా మున్సిపాలిటీలో, తహసీల్దార్ కార్యాలయంలో స్థానిక భాషలో పెట్టాలి. చిక్కు ఎక్కడంటే, మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్చడం భూసేకరణ కాదు. కాబట్టి ఈ నిబంధనలు అక్కడ వర్తించవు. భూమి యజమాని పేరు మారదు, భూమి విలువ మాత్రం మారిపోతుంది.

అసలు సమాచారం ఉండేది పటంలోనే. సర్వే నంబర్లు చదవడానికి వీలుగా లేని రంగుల పటాన్ని వెబ్‌సైట్‌లో పెడితే నిబంధన పాటించినట్టు అవుతుందేమో గానీ, రైతుకు తన పొలం ఎక్కడుందో తెలియదు. వార్డుల వారీగా, సర్వే నంబర్లతో పెద్ద పటాలు ముద్రించి వార్డు కార్యాలయాల్లో అతికించడం, పక్కన వివరించగల ఉద్యోగిని కూర్చోబెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

పటం జనం చేతికి వస్తే ఏమవుతుందో ముంబై చూపించింది. 2034 అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా 2015 ఫిబ్రవరిలో వెలువడగానే, రోడ్లను, వారసత్వ కట్టడాలను తప్పుగా చూపారంటూ వేల అభ్యంతరాలు వచ్చాయి. ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి మళ్లీ తయారు చేయమంది. సవరించిన ముసాయిదా 2016లో వచ్చింది, ఆమోదం 2018లో. ఆలస్యమైందని విసుక్కోవచ్చు, కానీ తప్పులు పట్టింది జనమే.

భాష సంగతీ అంతే. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

2021 జూన్‌లో వెలువడిన ఢిల్లీ 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదాకు దాదాపు 33 వేల అభ్యంతరాలు, సూచనలు అందాయి. కరోనా కాలం కావడంతో విచారణలు ఆన్‌లైన్‌లో జరిగాయి. ఫోన్, నెట్ సరిగా లేని వీధి వ్యాపారికి అది ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

మీ పట్టణ ముసాయిదా వెలువడితే ముందుగా మీ సర్వే నంబర్ ఏ జోన్‌లో పడిందో చూసుకోండి. అభ్యంతరాన్ని గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పిన అభ్యంతరం ఫైల్లో కనిపించదు.