రెండో స్టేజా, మూడో స్టేజా?

1877లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో థామస్ రిచర్డ్ జెస్సప్ అనే సర్జన్ ఓ రెండేళ్ల బిడ్డకు కణితి పట్టిన కిడ్నీని కోసి తీశాడు. పసిబిడ్డకు ఇలాంటి ఆపరేషన్ చేయడం అదే మొదలని వైద్య చరిత్రలో రాసుకున్నారు. బిడ్డ కత్తిని తట్టుకుంది గాని జబ్బును తట్టుకోలేకపోయింది. కొన్ని నెలలకే కణితి తిరగబెట్టింది. కిడ్నీ తీసేనాటికి కణితి ఎంతదూరం పాకిందో కనుక్కునే సాధనమే ఆనాడు లేదు. ఎక్స్‌రే రావడానికే ఇంకా 18 ఏళ్లు ఉంది.

‘ఎంతదూరం పాకింది?’ అన్న ఆ ప్రశ్నకు ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో జవాబు చెప్పుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ అంకెల మధ్య గీతలు ఒక్కసారి గీసి వదిలేసినవి కావు. గీసి, చెరిపి, మళ్లీ గీసినవి. అలా గీసిన ప్రతిసారీ వైద్యులు వెతికింది ఒక్కటే: ఏ బిడ్డకు ఎంత మందు చాలు?

ఈ జబ్బు పేరు విల్మ్స్ ట్యూమర్. జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ 1899లో కిడ్నీలో వచ్చే మిశ్రమ కణితుల మీద రాసిన గ్రంథం వల్ల ఆ పేరు స్థిరపడింది. తల్లి కడుపులో అవయవాలు ఏర్పడే దశలోని కణాలే ఈ కణితికి మూలమని ఆయన వాదించాడు. 1918లో ఓ యుద్ధఖైదీకి గొంతు ఆపరేషన్ చేస్తూ డిఫ్తీరియా సోకి 50 ఏళ్లకే చనిపోయాడు. సుమారు పదివేల మంది పిల్లల్లో ఒకరికి, ఎక్కువగా ఐదేళ్లలోపే వచ్చే జబ్బు ఇది. స్నానం చేయించే తల్లి చేతికో, బట్టలు తొడిగే నాయనమ్మ చేతికో పొట్టలో ఓ పక్క గట్టిగా గడ్డ తగులుతుంది. బిడ్డ మాత్రం చాలాసార్లు హాయిగా ఆడుకుంటూనే ఉంటుంది.

కొత్త చికిత్స వచ్చిన కొద్దీ బతికే పిల్లలు పెరిగారు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో విలియం లాడ్ ఆపరేషన్ పద్ధతిని మార్చాడు. పొట్ట ముందు భాగం తెరిచి, కణితిని నలపకుండా సున్నితంగా తీయడంతో 1930ల చివరికి ముగ్గురిలో ఒకరు దక్కడం మొదలైంది. తర్వాత రేడియేషన్ తోడైంది. అదే ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ యాక్టినోమైసిన్-డి వాడి చూశాడు. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి వచ్చిన మందు అది. ఫార్బర్ పేరు తెలుగువారికి కొత్తేం కాదు. 1947-48లో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఆయన ఇచ్చిన అమినాప్టెరిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాల నుంచి వెళ్లిందే. ఇక యాక్టినోమైసిన్ విషయానికి వస్తే, వేరే అవయవాలకు పాకని విల్మ్స్ పిల్లల్లో 89 శాతం మంది రెండేళ్లు దాటి బతికారని 1966లో ఫార్బర్ బృందం ప్రకటించింది. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టీన్ కూడా అప్పటికే రంగంలోకి దిగింది.

కత్తి, కిరణం, రెండు మందులు. అన్నీ చేతికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. ఎవరికి ఏది వద్దో ఎవరికీ తెలియదు. చిన్న కణితి ఉన్న బిడ్డకూ, ఊపిరితిత్తుల దాకా పాకిన బిడ్డకూ ఇంచుమించు అన్నీ ఇచ్చేవారు. ఎదిగే ఎముకల మీద రేడియేషన్ పడితే వెన్ను వంగుతుంది, ఆ వైపు కండ సరిగా పెరగదు. ప్రాణం దక్కిన బిడ్డ ఆ మూల్యాన్ని జీవితాంతం చెల్లించాలి. తగ్గించి చూద్దామంటే, అమెరికా మొత్తం మీదే ఏడాదికి 500 చిల్లర కేసులు. ఏ ఒక్క ఆసుపత్రికీ పోల్చి చూసేంత మంది పిల్లలు రారు. పది ఆసుపత్రులు కలవాలంటే పదింటికీ ఒకే కొలత కావాలి.

1963లో గార్సియా బృందం రేడియాలజీ పత్రికలో ఓ వర్గీకరణ ప్రచురించింది. 1969లో అమెరికాలో నేషనల్ విల్మ్స్ ట్యూమర్ స్టడీ మొదలైనప్పుడు ఆ తరహా గ్రూపులనే తీసుకున్నారు. రేడియేషన్ వైద్యుడు జూలియో డాంజియో దానికి సారథి. పాథాలజిస్టు బ్రూస్ బెక్‌విత్, గణాంక నిపుణుడు నార్మన్ బ్రెస్లో ఆయనకు అండ. ఒకరు చికిత్స చూస్తే, ఒకరు మైక్రోస్కోపు, మరొకరు లెక్క.

ఆ కూటమి చేతిలో సానపట్టిన కొలత ఈనాడు ఇలా ఉంది. కిడ్నీ చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది, చుట్టూ పలుచని పొర. కణితి ఆ పొర దాటకుండా, పగలకుండా, మొత్తంగా బయటికి వస్తే ఒకటో స్టేజి. పొర దాటినా, కిడ్నీ లోపలి వంపులో రక్తనాళాలు వెళ్లే చోటికి చొరబడినా, అంచుల్లో ఏమీ మిగలకుండా తీయగలిగితే రెండు. ఆ వంపులో రక్షణ పొర ఉండదు. కణితికి అది దొడ్డిదారి. పాథాలజిస్టు అక్కడే ఎక్కువసేపు వెతుకుతాడు. కడుపులో కణాలు మిగిలినా, లింఫు గ్రంథుల్లో కనిపించినా మూడు. రక్తం ద్వారా ఊపిరితిత్తులకో కాలేయానికో చేరితే నాలుగు. మొదటి పరీక్షలోనే రెండు కిడ్నీల్లోనూ కణితి ఉంటే ఐదు. ఐదంటే నాలుగు కన్నా ముదిరినదని కాదు. ఐదో స్టేజిలో ఒక్కో కిడ్నీకీ విడిగా మళ్లీ స్టేజి కడతారు.

పెద్దల క్యాన్సర్లతో పోల్చి నాలుగో స్టేజి అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. కణాల రకం మంచిదై చికిత్స సక్రమంగా అందితే, ఈ జబ్బులో నాలుగో స్టేజి పిల్లలు కూడా 80 శాతానికి పైగా బతుకుతున్నారు.

ఇక గీతలు కదిలిన కథ. డాంజియో కూటమి చేసిన మొదటి రెండు అధ్యయనాల్లో లింఫు గ్రంథులకు పాకినవాళ్లు రెండో గ్రూపులో ఉండేవారు. ఆపరేషన్ చేస్తుండగా కణితి చిట్లి, ఆ పక్కనే కొంచెం ఒలికినవాళ్లు మూడో గ్రూపులో. తీరా లెక్క చూస్తే గ్రంథుల సంగతే ఎక్కువ ప్రమాదమని తేలింది. 1979లో మొదలైన మూడో అధ్యయనానికి రెంటినీ తారుమారు చేశారు. గ్రంథులు మూడుకు ఎక్కాయి, ఒలకడం రెండుకు దిగింది. ఆ తర్వాత వచ్చిన ఫలితాల్లో, ఒలికిన పిల్లలకు పొట్టలోనే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని బయటపడింది. 2000 తర్వాత అమెరికాలో చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ ఒలకడాన్నీ, ఆపరేషన్‌కు ముందు సూదితో చేసే బయాప్సీనీ తిరిగి మూడోదానికే చేర్చింది. రెండో స్టేజికి రెండు మందులు చాలు. మూడైతే డాక్సోరుబిసిన్, రేడియేషన్ కలుస్తాయి. డాక్సోరుబిసిన్ గుండెను దెబ్బతీయగల మందు. సర్జన్ చేతి నుంచి ఒలికిన ఒక్క చుక్క బిడ్డ చికిత్సనంతా మార్చేస్తుంది.

యూరప్ వేరే దారి పట్టింది. ఫ్రాన్స్‌లో జాన్ లెమెర్ల్, నెదర్లాండ్స్‌లో టామ్ వూట్ ముందు నిలిచిన అంతర్జాతీయ పిల్లల క్యాన్సర్ సంఘం 1971లో తొలి పరీక్ష మొదలుపెట్టింది. కణితిని ముందే కుదించి తర్వాత కోస్తే పగలదు కదా అన్నది వాళ్ల ఆలోచన. ముందుగా రేడియేషన్ ఇస్తే, 30 శాతానికి పైగా ఉన్న పగుళ్లు 4 శాతానికి పడిపోయాయి. తర్వాత ఆ పని నాలుగు వారాల మందులకు (కీమోకు) అప్పగించారు. దాంతో యూరప్‌లో స్టేజి కట్టేది మందు పనిచేశాక మిగిలిన కణితికి. అమెరికాలో కట్టేది మందు తగలని కణితికి. యూరప్ రెండో స్టేజి, అమెరికా రెండో స్టేజి ఒకటి కావు. రెండు దారుల్లోనూ బతికేవారు సుమారు 90 శాతం. పెద్ద గడ్డలతో పిల్లలు వచ్చే మన దేశంలో చాలా ఆసుపత్రులు ముందు కీమోకే మొగ్గుతాయి.

స్టేజి ఒక్కటే చాలదని బెక్‌విత్ 1978లో చూపించాడు. అనప్లేషియా అనే వికృత కేంద్రకాల కణాలు కనిపిస్తే స్టేజి చిన్నదైనా జబ్బు మొండిది. అప్పటి నుంచి ఎంత పాకిందన్న దానికి ఏ రకమన్నది జత అయింది.

ఈ రెండూ చేతిలో పెట్టుకుని డాంజియో బృందం చికిత్సను మెట్టు మెట్టుగా తగ్గించింది. మొదటి అధ్యయనం రెండేళ్లలోపు ఒకటో గ్రూపు పిల్లలకు రేడియేషన్ తీసేసింది. రెండోది ఒకటో గ్రూపులో అన్ని వయసుల వారికీ తీసేసింది. మూడోది మంచి రకం కణాలున్న రెండో స్టేజికి కూడా. బతికించడం ఒక్కటే సరిపోదని డాంజియో 1975లోనే రాశాడు. ఇప్పుడు రెండేళ్లలోపు బిడ్డకు ఒకటో స్టేజి, మంచి రకం కణాలు ఉండి, తీసిన కిడ్నీ బరువు కణితితో కలిపి 550 గ్రాముల లోపైతే కీమో కూడా లేకుండా ఇంటికి పంపే పద్ధతి ఉంది. అందుకు షరతు ఒకటుంది: సర్జన్ లింఫు గ్రంథులు తీసి పరీక్షకు పంపి ఉండాలి. గ్రంథులు చూడకుండా ఒకటని రాస్తే ఆ ఒకటిని నమ్మలేం.

గీతలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఒకటో క్రోమోజోమ్‌లో ఓ భాగం అదనంగా ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని తేలాక, చికిత్స తీవ్రతను నిర్ణయించే లెక్కలోకి జన్యువులూ వచ్చి చేరుతున్నాయి. బిడ్డకు ఈ జబ్బని తెలిసిన ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఏ స్టేజి?’ అనే. దాని వెంటే మరో మూడు అడగాలి. కణాలు ఏ రకం? గ్రంథులు తీసి చూశారా? ఈ స్టేజి కీమోకు ముందు కట్టిందా, తర్వాతా? ఈ మూడూ తెలిస్తేనే, బిడ్డకు ఏ మందు ఎందుకు ఇస్తున్నారో, ఏది ఎందుకు మానేశారో తల్లిదండ్రులకు అర్థమవుతుంది.