చిన్న వెబ్‌సైటు చరిత్ర: చిరునామా, దారి, మనుగడ

ఒక వ్యక్తి సొంత ఖర్చుతో, సొంత ఆసక్తితో నడుపుకొనే వెబ్‌సైటును చరిత్ర విద్యార్థి ఎందుకు పట్టించుకోవాలి? శాసనాలు, కైఫీయతులు, ఉత్తరాలు, ఆత్మకథలు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. 1990ల తరువాతి కాలానికి వచ్చేసరికి సామాన్యులు తమ గురించి, తమ ఊరి గురించి, తమ అభిరుచుల గురించి స్వయంగా రాసుకొన్నదానిలో చాలా భాగం వెబ్ పేజీల్లో ఉంది. ఆ పేజీలు ఎలా పుట్టాయి, పాఠకులు వాటిని ఎలా చేరుకొన్నారు, ఎందుకు మాయమయ్యాయి అన్నవి ఇక్కడ చూద్దాం. మీలో సొంత సైటు పెట్టుకోవాలనే ఆలోచన ఉన్నవారికి పనికివచ్చే సంగతులు కూడా ఈ చరిత్రలో ఉన్నాయి. అవి ఎదురైన చోటే చెబుతాను.

స్థలం దొరికిన తీరు

టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌ను ప్రతిపాదించాడు. మన అంశానికి అంతకన్నా ముఖ్యమైన తేదీ 1993 ఏప్రిల్ 30. ఆ రోజు సెర్న్ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఏ రుసుమూ లేకుండా అందరికీ వదిలివేసింది. ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరికీ రాయల్టీ కట్టకుండా పేజీ పెట్టుకొనే వీలు అక్కడినుంచి వచ్చింది. 1994 జనవరిలో అమెరికాలోని స్వార్థ్‌మోర్ కాలేజీ విద్యార్థి జస్టిన్ హాల్ తన జీవిత విశేషాలతో, తనకు నచ్చిన పేజీల లింకులతో ఒక సైటు ప్రారంభించాడు. వ్యక్తిగత వెబ్‌సైట్ల చరిత్రలో మొదట చెప్పుకొనే పేర్లలో అతనిది ఒకటి. మన దేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది.

కాలేజీ సర్వరు అందుబాటులో లేనివారు పేజీ ఎక్కడ పెట్టుకోవాలి? దీనికి సమాధానంగా వచ్చినవాటిలో జియోసిటీస్ ప్రధానమైనది. 1994లో డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ ప్రారంభించిన ఈ సంస్థ ఉచితంగా స్థలం ఇచ్చింది. ఇచ్చిన పద్ధతి గమనించదగినది. సైటును పేటలుగా విభజించారు. కంప్యూటర్ల గురించి రాసేవారికి సిలికాన్ వ్యాలీ, సినిమాలవారికి హాలీవుడ్, విద్యకూ తత్త్వశాస్త్రానికీ ఏథెన్స్. పేట పేరు, దాని పక్కన ఇంటి నంబరు, అదే మీ చిరునామా. ఒకే ఆసక్తి ఉన్నవారు పక్కపక్క ఇళ్లలో ఉన్నట్లుండేది. కొత్తగా వచ్చినవారికి సాయం చేయడానికి ప్రతి పేటలో స్వచ్ఛంద కార్యకర్తలు ఉండేవారు. మెరిసే బొమ్మలు, సందర్శకుల లెక్క చూపే మీటరు, అతిథుల పుస్తకం, 'నిర్మాణంలో ఉంది' అనే బోర్డు ఆనాటి పేజీల లక్షణాలు. వాటిని చూసి నవ్వేవారు ఎక్కువ. నాకు మాత్రం అవి పల్లెల్లో ఇంటి గోడలమీద ముగ్గులూ బొమ్మలూ వేసుకోవడం లాంటివే అనిపిస్తాయి.

1999లో యాహూ జియోసిటీస్‌ను సుమారు 350 కోట్ల డాలర్ల విలువైన వాటాలిచ్చి కొన్నది. ఆ ఏడాదే పేజీల్లోని రాతలపై తనకు విస్తృత హక్కులు ఉంటాయనే నిబంధన పెట్టింది. ఇళ్లవారు తమ పేజీలను బోసిగా చేసి నిరసన తెలిపారు. కొద్ది రోజుల్లోనే యాహూ నిబంధన సవరించుకొంది. అయినా స్థలం ఎవరిదో అప్పటికే తేలిపోయింది.

పాఠకుడు వచ్చే దారి

పేజీ పెట్టడం ఒక పని. దానిని నలుగురికీ తెలియజేయడం మరొక పని. తొలి దారి సూచిక. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో 1994లో తయారుచేసిన జాబితాయే యాహూగా మారింది. గ్రంథాలయంలో పుస్తకాలను వర్గీకరించినట్లు మనుషులే సైట్లను చూసి వర్గీకరించేవారు. మీ సైటు అందులో చేరాలంటే దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి.

రెండవ దారి వెబ్ వలయం. ఈ వ్యవస్థను 1995లో ప్రారంభించిన సేజ్ వైల్ అప్పటికి ఇంకా విద్యార్థి. తపాలా బిళ్లల సేకరణపై పేజీలున్నవారు యాభై మంది ఉన్నారనుకోండి. ప్రతివారూ తమ పేజీ అడుగున 'ముందుది', 'తరువాతది' అనే లింకులు పెడతారు. ఒకరి పేజీ నుంచి బయలుదేరిన పాఠకుడు అందరినీ చుట్టి మొదటి చోటికే వస్తాడు. ఎవరిని చేర్చుకోవాలో వలయం నిర్వాహకుడు చూసుకొంటాడు. దీనికి డబ్బు అక్కర్లేదు, ప్రకటనలు అక్కర్లేదు. పొరుగువారి పేజీ బాగుంటే మీకు లాభం, మీది బాగుంటే వారికి లాభం. చేతులు మారి ఈ వ్యవస్థ కూడా యాహూకు చేరింది. 2000లో పద్ధతులు మార్చడంతో అనేక వలయాలు తెగిపోయాయి. మరుసటి ఏడాది యాహూ దానిని వదిలేసింది.

మూడవ దారి మీకు తెలిసిందే. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్థాపించిన గూగుల్, ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారో లెక్కించి దాని విలువ కట్టింది. పరిశోధన వ్యాసాన్ని ఎంతమంది ఉదహరించారో చూసి విలువ కట్టే విశ్వవిద్యాలయ అలవాటుకు ఇది దగ్గరిది. లింకుకు విలువ రాగానే లింకుల వ్యాపారం పుట్టింది. కనిపించకుండా కీలక పదాలు కుక్కడం, డబ్బిచ్చి లింకులు వేయించుకోవడం మొదలయ్యాయి. గూగుల్ 2009లో కీలక పదాల ట్యాగును తాను లెక్కలోకి తీసుకోనని ప్రకటించింది. 2012లో కృత్రిమ లింకులపై చర్య తీసుకొంది. ఇప్పటికీ ఈ చిట్కాలు అమ్మేవారున్నారు, కొనకండి. చిన్న సైటుకు పనికివచ్చేది పాత పద్ధతే. ఒకే విషయంపై నిలకడగా రాయాలి. ప్రతి పేజీకి అందులో ఏముందో తెలిపే శీర్షిక పెట్టాలి. అదే విషయంపై రాసేవారికి లింకు ఇచ్చి, ఆ సంగతి వారికి ఉత్తరం రాసి చెప్పాలి.

తెలుగుకు వచ్చిన చిక్కు

ఇంగ్లీషు పేజీకి లేని సమస్య తెలుగు పేజీకి ఉండేది. 1990లలో చాలా తెలుగు సైట్లు తమ సొంత ఫాంటు వాడేవి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చేవారు. తెరమీద కనిపించేది తెలుగే కాని కంప్యూటరు దాచుకొనేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు లేని పాఠకుడికి కనిపించేది ఆ గజిబిజే. సెర్చ్ ఇంజన్‌కు కనిపించేదీ అదే. అంటే ఎంత మంచి వ్యాసం రాసినా తెలుగు పదంతో వెతికితే దొరికేది కాదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమన్ లిపిలో రాసుకొన్నవారు ఈ చిక్కును కొంత తప్పించుకొన్నారు. చదవడానికి మాత్రం అది కష్టం.

పరిష్కారం యూనికోడ్. 1991 నాటి తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఇంటి కంప్యూటర్లలో అది పనిచేయడానికి 2001లో గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా ఆగవలసివచ్చింది. ఆ తరువాతి అయిదారేళ్లలో స్వచ్ఛందంగా జరిగిన పని ఎంతో ఉంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దానికి ఆద్యుడైన వెన్న నాగార్జున, వేర్వేరు ఫాంట్ల పేజీలను యూనికోడ్‌లో చూపే 'పద్మ' ఉపకరణం తయారుచేశారు. రోమన్‌లో కొడితే తెలుగు వచ్చే 'లేఖిని', తెలుగు బ్లాగుల కొత్త రాతలను ఒకచోట చూపే 'కూడలి' వీవెన్ చేసినవి. కూడలి చేసిన పని పాత వెబ్ వలయం పనికి దగ్గరిది. 1998లో ప్రారంభమైన 'ఈమాట' పత్రిక వ్యక్తిగత సైటు కాకపోయినా ఇక్కడ చెప్పుకోవాలి. దాని పాత సంచికలు యూనికోడ్‌లోకి మారాయి కనుకనే నేటికీ చదవగలుగుతున్నాం. అలా మార్చుకోని సైట్లు ఎన్నో బతికుండగానే మూగబోయాయి.

మిగిలింది ఎంత

2009 అక్టోబరు 26న యాహూ జియోసిటీస్‌ను మూసివేసింది. లక్షలాది మంది పేజీలు తొలగిపోయాయి. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం, 1996 నుంచి వెబ్‌ను భద్రపరుస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివారు గడువులోపు దించుకోగలిగినంత దించుకొన్నారు. పేజీలు రాసినవారిలో కొందరు అప్పటికి చనిపోయి ఉంటారు, కొందరు తమ పాస్‌వర్డు మరిచిపోయి ఉంటారు. వారి తరఫున ఎవరూ అడగలేదు. జియోసిటీస్ ఒక్కటే కాదు. ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తరువాత అందుబాటులో లేవు.

నేను పనిచేసిన ఒక కళాశాలలో మా శాఖ విద్యార్థులు తమ గ్రామాల చరిత్రను సేకరించి పేజీలుగా పెట్టారు. సర్వరు మార్చినప్పుడు అవి పోయాయి. ఒక విద్యార్థి మాత్రం తన ఫైళ్లను సీడీలో రాసి ఇంట్లో పెట్టుకొన్నాడు. ఆ గ్రామం చరిత్ర ఒక్కటే మిగిలింది.

అందువల్ల సైటు పెట్టుకొనేవారు వీలైతే సొంత డొమైన్ పేరు కొనుక్కోవాలి. స్థలం ఇచ్చే సంస్థను మార్చినా చిరునామా మీతోనే వస్తుంది. ఏటా రెన్యువల్ తేదీని గ్యాస్ బుకింగ్‌లా గుర్తుపెట్టుకోవాలి. గడువు దాటిన పేరును మరొకరు కొనవచ్చు. ఒకసారి పెట్టిన పేజీ చిరునామా మార్చకండి. మారిస్తే మీకు లింకు ఇచ్చినవారి శ్రమంతా వృథా. ప్రతి పేజీలో రాసిన తేదీ, ఊరి పేరు, సమాచారం ఎవరు చెప్పారో ఉండాలి. తేదీ లేని పేజీని ఆధారంగా వాడుకోవడం చరిత్రకారుడికి ఎంత కష్టమో, తేదీ లేని శాసనంతో కుస్తీ పట్టినవారికి తెలుసు. ఫైళ్ల ప్రతి ఒకటి మీ దగ్గర, ఒకటి మరొకరి ఇంట్లో ఉండాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేజీ చిరునామా ఇచ్చి భద్రపరచమని కోరే సదుపాయం ఉంది, అది ఉచితం. పేజీ ప్రచురించిన రోజే ఆ పని చేయండి.