మండలాలు 21.. జావాస్క్రిప్ట్ లెక్క 25! లిస్టు లోపలి లిస్టును సరిగ్గా లెక్కపెట్టడం ఎలా?

వెబ్ పేజీలో లెక్క తప్పితే ఎర్రర్ వస్తుందనుకుంటే పొరపాటే. చాలాసార్లు ఏమీ రాదు. తప్పు నంబరే దర్జాగా స్క్రీన్ మీద కూర్చుంటుంది. ముఖ్యంగా లిస్టు లోపల మరో లిస్టు ఉన్న పేజీల్లో జావాస్క్రిప్ట్‌తో లెక్కపెట్టేటప్పుడు ఇలా జరుగుతుంటుంది. పశ్చిమ ప్రకాశం మండలాలనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి.. ఈ నాలుగు అసెంబ్లీ నియోజకవర్గాలను ఒక లిస్టుగా పెట్టారనుకుందాం. ఒక్కో పేరు కింద దాని మండలాలతో ఇంకో చిన్న లిస్టు. గిద్దలూరు కింద గిద్దలూరు, రాచర్ల, కొమరోలు, బేస్తవారిపేట, కంభం, అర్ధవీడు.. మొత్తం ఆరు. కనిగిరి కింద ఆరు, యర్రగొండపాలెం కింద ఐదు, మార్కాపురం కింద నాలుగు. కూడితే 21. హెచ్‌టీఎంఎల్‌లో ఇలాంటి లిస్టుకు 'యూఎల్' ట్యాగ్, అందులోని ఒక్కో ఐటమ్‌కు 'ఎల్‌ఐ' ట్యాగ్ వాడతారు.

ఇప్పుడు పెద్ద లిస్టును పట్టుకుని 'క్వెరీ సెలెక్టర్ ఆల్'తో ఎల్‌ఐలు ఎన్ని అని అడిగితే 25 అంటుంది. అబద్ధమేం కాదు. నియోజకవర్గాల పేర్లు కూడా ఎల్‌ఐలే కదా, ఆ నాలుగూ కలిశాయి. ఈ పద్ధతి పిల్లలు, మనవలు, మునిమనవలు అని చూడదు.. లోపల ఎంత లోతులో ఉన్నా అందరినీ లెక్కేస్తుంది. నేరుగా ఉన్న పిల్లలు మాత్రమే కావాలంటే 'చిల్డ్రన్' వాడాలి. అప్పుడు 4 వస్తుంది. పేరు దగ్గరగా ఉందని 'చైల్డ్ నోడ్స్' వాడారో, 9 వచ్చినా రావచ్చు! కోడ్‌ను వరుసలు విడగొట్టి రాసినప్పుడు ట్యాగుల మధ్య ఉండే ఖాళీ కూడా బ్రౌజర్‌కు ఒక టెక్స్ట్ నోడే. నాలుగు ఎల్‌ఐలకు ముందు, మధ్యలో, చివర కలిపి ఐదు ఖాళీలు. అదే కోడ్‌ను ఖాళీలు లేకుండా కుదించి పెడితే మళ్లీ 4. లెక్క కోసం చైల్డ్ నోడ్స్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మరి మండలాలు మాత్రమే కావాలంటే? చాలామంది రాసేది 'ఎల్‌ఐ ఎల్‌ఐ' అని. అంటే ఒక ఎల్‌ఐ లోపల ఉన్న ఎల్‌ఐ. 21 వస్తుంది, పని అయిపోయిందనిపిస్తుంది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కొన్నాళ్లకు కొమరోలు కింద మూడు గ్రామాల పేర్లు చేర్చారనుకోండి.. లెక్క 24కు వెళ్తుంది. గ్రామాలూ ఎల్‌ఐ లోపలి ఎల్‌ఐలేగా! ఇంకో రకంగానూ దెబ్బతింటుంది. ఈ లిస్టు మొత్తాన్ని తీసుకెళ్లి సైట్ మెనూలోని ఒక ఎల్‌ఐ లోపల పెడితే, గ్రామాలు లేకపోయినా 25 చూపిస్తుంది. క్వెరీ సెలెక్టర్ ఆల్ వెతికేది లోపలే అయినా, 'పైన ఎల్‌ఐ ఉందా లేదా' అన్నది మాత్రం పేజీ మొత్తం మీద చూస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, నంబర్ మారిపోతుంది. ఇది తెలియక గంటలు గంటలు తల పట్టుకునేవాళ్లు ఎందరో.

దీనికి మందు ':స్కోప్'. ':స్కోప్ > ఎల్‌ఐ > యూఎల్ > ఎల్‌ఐ' అని రాస్తే, పట్టుకున్న లిస్టు నుంచే మొదలుపెట్టి మెట్టు మెట్టుగా దిగుతుంది. గ్రామాలు చేర్చినా, లిస్టును ఎక్కడికి మార్చినా మండలాలు 21 దగ్గరే నిలుస్తాయి.

లోతు లెక్కలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. కొమరోలు ఎన్నో స్థాయిలో ఉందో తెలియాలంటే 'పేరెంట్ ఎలిమెంట్' పట్టుకుని పైకి వెళ్లాలి. కొమరోలు పైన చిన్న యూఎల్, దానిపైన గిద్దలూరు ఎల్‌ఐ, ఆపైన పెద్ద యూఎల్. దారిలో ఎదురైన ప్రతి ట్యాగ్‌నూ లెక్కేస్తే కొమరోలుతో కలిపి 4. పెద్ద లిస్టు వరకు ఎల్‌ఐలను మాత్రమే లెక్కేస్తే 2. నియోజకవర్గం, మండలం అనే లెక్కకు సరిపోయేది రెండోదే.

ఇదంతా లిస్టులకే పరిమితం కాదు, టేబుళ్లలో ఇంకా ప్రమాదం. 2024 ఎన్నికల్లో గిద్దలూరులో గెలుపు తేడా కేవలం 973 ఓట్లు. ఫలితాల పేజీలో ఒక్కో రౌండ్ వరుస లోపల బూత్‌లవారీ అంకెలతో మరో చిన్న టేబుల్ ఉందనుకుందాం. స్క్రిప్ట్ అన్ని గడులనూ కలిపి కూడితే రౌండ్ మొత్తం ఒకసారి, అవే ఓట్లు బూత్‌లవారీగా ఇంకోసారి పడతాయి. 973 కాస్తా 1,946 అవుతుంది. ఎర్రర్ మాత్రం రాదు.

టేబుళ్లలో దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. 'టేబుల్ > టీఆర్' అని అడిగితే, వరుసలు కళ్ల ముందే కనిపిస్తున్నా సున్నా వస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో 'టీబాడీ' రాయకపోయినా బ్రౌజర్ తనంతట తానే మధ్యలో పెట్టేస్తుంది మరి. అలాగే పేరాకు వాడే 'పి' ట్యాగ్ లోపల యూఎల్ రాస్తే, బ్రౌజర్ ఆ పేరాను అక్కడితోనే మూసేసి లిస్టును బయట పెడుతుంది. ఆ పేరా లోపల వెతికితే లిస్టు ఎక్కడ దొరుకుతుంది? అందుకే రాసిన ఫైల్‌ను నమ్ముకోకుండా, ఎఫ్12 నొక్కి ఎలిమెంట్స్ ట్యాబ్‌లో బ్రౌజర్ కట్టుకున్న చెట్టును చూడాలి.

అక్కడా అంతా సరిగ్గా ఉండి, లెక్క మాత్రం సున్నా వస్తుంటే స్క్రిప్ట్ ముందే పరిగెత్తిందేమో చూసుకోవాలి. 'డీఓఎమ్ కంటెంట్ లోడెడ్' తర్వాత లెక్కిస్తే సరిపోతుంది. పేజీ తెరుచుకున్నాక సర్వర్ నుంచి విడిగా వచ్చే లిస్టులకు మాత్రం అదీ చాలదు.. డేటా వచ్చి పేజీలో చేరిన తర్వాతే లెక్కపెట్టాలి.