బదనిక పువ్వు వెనుక పేర్లు

చెట్టు కొమ్మను పట్టుకొని పెరిగే మొక్కను మన పెద్దలు బదనిక అంటారు. వాటిలో గోధుమరంగు గళ్ల పూలు పూసేది ఒక ఆర్కిడ్. అది చెట్టు రసం పీల్చదు. వేలాడే వేళ్లతో వాననీటిని, గాలి తేమను తాగి బతుకుతుంది.

1780లలో సామర్లకోటలో పనిచేసిన కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దీనికి 'వాండా రాక్స్‌బర్గీ' అని అతని పేరే పెట్టాడు. నేటి శాస్త్రనామం వాండా టెసెల్లేటా. అతని కోసం మొక్కల బొమ్మలు గీసిన మన దేశపు చిత్రకారుల పేర్లు మాత్రం ఈ పువ్వుకు దక్కలేదు.

చందానగర్‌లో స్థిరపడిన మనం ఈసారి ఊరెళ్లినప్పుడు బదనికను పీకి తేవద్దు. దాని పేరు, వాడుక అడిగి, చెప్పిన అవ్వ పేరుతో సహా రాసుకొని వద్దాం.