ఎంతవరకు వచ్చింది?

తొంభైల చివర్లో అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిన మాకు రాత్రి బ్యాచ్ జాబంటే ఒకటే బెంగ: నడుస్తోందా, ఇరుక్కుపోయిందా? "ఏమ్మా, ఎంతవరకు వచ్చింది?" అని మేనేజర్ అడిగితే "రన్ అవుతోంది సార్" తప్ప మరో జవాబు ఉండేది కాదు.

కొత్తవాళ్లు లూపులో డీబీఎంఎస్ అవుట్‌పుట్ పెట్టేవాళ్లు. ఆ లైన్లు బ్లాకంతా అయిపోయాకే తెర మీద పడతాయి, పెళ్లయ్యాక అందిన శుభలేఖలా. లాగ్ టేబుల్లో రాద్దామంటే, కమిట్ కొట్టందే పక్క సెషన్‌కు కనబడదు. పదివేల రికార్డులకోసారి కమిట్ కొడితే, తెరిచి ఉన్న కర్సర్‌కు కావలసిన పాత డేటా రోల్‌బ్యాక్ సెగ్మెంట్లో చెరిగిపోయి, తెల్లవారుజామున 'స్నాప్‌షాట్ టూ ఓల్డ్', అదే ఓఆర్ఏ-01555, వచ్చి జాబ్ చచ్చేది. సగం పోస్టయిన లెక్కలతో ఉదయం ఏం చేస్తాం? 1999లో వచ్చిన ఒరాకిల్ 8ఐలో అటానమస్ ట్రాన్సాక్షన్ పుణ్యమా అని లాగ్ రికార్డు ఒక్కటే విడిగా కమిట్ చేయడం కుదిరింది.

నాకు అంతకంటే నచ్చింది వీ-డాలర్-సెషన్-లాంగాప్స్ అనే ఒరాకిల్ వ్యూ. ఆరు సెకన్లు దాటిన ఫుల్ స్కాన్, సార్ట్ లాంటివాటికి సోఫార్, టోటల్‌వర్క్ అని రెండంకెలు చూపించేది. మన కోడ్ కూడా ఒక ప్రొసీజర్‌ను కాల్ చేసి తన లెక్క అందులో రాసుకోవచ్చు, కమిట్‌తో పనిలేదు. మొదటి కాల్‌లో వచ్చిన ఆర్‌ఇండెక్స్ అనే గుర్తు అంకెను మాత్రం ప్రతిసారీ తిరిగివ్వాలి, లేకపోతే కాల్‌కో కొత్త రికార్డు. దానికీ తిక్కలున్నాయి. స్కాన్ నూరు శాతం అయిందని సంబరపడేలోపు కింద సార్ట్ మొదలయ్యేది. ఇండెక్స్ పట్టుకుని నెస్టెడ్ లూపులో గంటలు తిరిగే క్వెరీ అయితే అసలు కనబడేదే కాదు.

చిక్కంతా హారంలోనే. అయిన రికార్డులు లెక్కపెట్టడం తేలిక. మొత్తం ఎన్నన్నది ఆప్టిమైజర్ ఊహ. 2004లో పారిస్‌లో జరిగిన సిగ్మాడ్ సదస్సులో విస్కాన్సిన్ బృందమూ, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ బృందమూ విడివిడిగా దీనిమీదే పత్రాలు సమర్పించాయి. విస్కాన్సిన్ వాళ్లు నమూనాను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదే కట్టారు కూడా. అయినా పోస్ట్‌గ్రెస్‌లో మొదటి ప్రోగ్రెస్ వ్యూ 2016లో, 9.6తో వచ్చింది, అదీ వ్యాక్యూమ్‌కే. ఇండెక్స్ కట్టడానికి 2019, కాపీకి 2021. మామూలు సెలెక్ట్‌కు, అప్‌డేట్‌కు ఇంకా లేదు.

అందుకే పెద్ద అప్‌డేట్‌లో జనం ఒక సీక్వెన్స్ నుంచి తర్వాతి అంకె తెచ్చే నెక్స్ట్‌వాల్‌ను ఇరికిస్తారు. సీక్వెన్స్ ట్రాన్సాక్షన్‌కు లోబడదు గనక, ఇంకో సెషన్‌లోంచి దాని లాస్ట్‌వాల్యూ చూస్తే అయిన రికార్డులెన్నో తెలుస్తాయి. శాతం రాదు. నాకు ఆ అంకె చాలు.